పద్దెనిమిది పళ్ల చక్రం

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం మంచిర్యాల నుంచి శ్రీనివాస్ అనే ఆయన మా ఆయనను వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. నలభై దాటిన మనిషి, ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడట. వాళ్ల నాన్న నడిపిన పాత లారీ ఇంటి ముందు ఏళ్ల తరబడి నిలిచిపోయి ఉందట, దాన్ని బాగుచేసి మళ్లీ రోడ్డెక్కించాలని ఆయన కోరిక. ఇంజన్ పని అయిపోయింది, తొట్టి వేయించాడు, రంగులు కూడా పడ్డాయి. గేర్‌బాక్సు పక్కన ఉండి స్పీడు మీటరును తిప్పే చిన్న పళ్ల చక్రం ఒక్కటే దొరకడం లేదు. అది లేకపోతే మీటరు ముల్లు లేవదు, ముల్లు లేవకపోతే బండికి ఫిట్‌నెస్ కాగితం రాదు. "మల్లేశం సార్ దగ్గర పాత సామాను ఉంటదని చెప్పిన్రమ్మా. ఆయనది గూడ ఇదే బండట గద" అన్నాడు. మల్లేశం పోయి రెండేళ్లయిందని చెప్పాను. ఆయన నొచ్చుకుని లేవబోయాడు. నేను కూర్చోమని, ఆయన ఫోన్లో ఉన్న ఫోటో తీసుకుని, వేలితో పెద్దది చేసి చూశాను. అరిగిపోయిన చక్రం. "దీనికి పద్దెనిమిది పళ్లుండాలె. మీరు పదిహేడుదో పందొమ్మిదిదో తెచ్చి పెడితే ముల్లు లేస్తది కాని అబద్ధం చెప్తది" అన్నాను. ఆయన నా తెల్ల జుట్టు వంక, చేతిలోని ఫోను వంక చూసి, "మీకెట్ల తెలుసమ్మా?" అని అడిగాడు.

ఎట్లా తెలుసో చెప్పాలంటే చాలా చెప్పాలి. అందుకని, ఈ సంగతి నాకంటే బాగా తెలిసినవాడు ఒకాయన ఉన్నాడనీ, బతికుంటే నస్పూర్‌లో ఉండాలనీ, పేరు యాకూబ్ అనీ మాత్రం చెప్పాను. ఆ పేరు నా నోట వచ్చి ఎన్నేళ్లయిందో. శ్రీనివాస్ దాన్ని ఫోన్లో రాసుకుని వెళ్లిపోయాడు. నేను గ్లాసులు కడుగుతూ నిలబడ్డాను. కడుపులో పాత మంట మళ్లీ మొదలైంది. ఆ మంట నాకు కొత్తది కాదు. పెళ్లయిన మూడో ఏడు నుంచి తెలుసు. మొగుడు ఇంకో ఆడదాని వెంట తిరుగుతుంటే ఏ ఆడదైనా మండిపోతుంది, నలుగురూ అయ్యో అంటారు. నా మొగుడు అట్లాంటివాడు కాదు. ఆయన స్నేహితుడి మీద నాకు అసూయ. అది ఎవరికి చెప్పుకోను? చెప్పుకుంటే నవ్వుతారు.

నేను మంథని దగ్గరి పల్లె నుంచి, పదో తరగతి పాసై, గోదావరిఖనికి కోడలిగా వచ్చాను. రోడ్డు పక్కన రెండు గదుల పెంకుటిల్లు, వెనక రేకుల దడి. పొద్దున లేస్తే వాడంతా బొగ్గు పొయ్యిలు అంటించేవాళ్లు. ఆ పొగ నేలబారుగా కమ్ముకుని, తలకు పోసుకున్న కుంకుడు వాసనను కూడా నిలవనిచ్చేది కాదు. ఆరేసిన బట్టల మీద నల్లటి నలుసులు వాలేవి. వాటిని దులపాలే గాని తుడవకూడదని, తుడిస్తే మరక పడుతుందని మా అత్త పోసవ్వ మొదటి రోజే నేర్పింది. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టులో పేలుళ్లకు గూట్లో గిన్నెలు గలగలమనేవి. మా అత్త అన్నం తింటూ చెయ్యి చాచి, చూడకుండానే, ఏ గిన్నె జారుతుందో దాన్ని పట్టుకునేది. ఆమెకు ఇంకో విద్య ఉండేది. సందు మొదట్లో కొడుకు లారీ మలుపు తిరిగే చప్పుడు విని, "ఇయ్యాల లోడు దొరకలే, మీదికి మాట్లాడకు" అనో, "మంచిగున్నడు, చాయ్ పెట్టు" అనో చెప్పేది. ఎప్పుడూ తప్పలేదు. కొడుకు మాట కన్నా కొడుకు బండి మాట ఆమెకు బాగా తెలుసు. ఎందుకంటే కొడుకు మాట్లాడేవాడు కాదు.

మల్లేశం చెడ్డవాడు కాదు. తాగేవాడు కాదు, చెయ్యెత్తేవాడు కాదు. పచ్చిపులుసు చేస్తే రెండుసార్లు పోసుకునేవాడు, అదే మెచ్చుకోలు. కాని ఇంట్లోకి రాగానే ఆయన నోటికి తాళం పడేది. ఎటు పోయిండ్రు అంటే "గిటే". ఎట్లుంది ఒళ్లు అంటే "మంచిగనే ఉన్నది". నేను మా ఊళ్లో వాగుడుకాయనని పేరు తెచ్చుకున్నదాన్ని. ఆ రెండు గదుల్లో నా మాటలు నాకే తిరిగి వినపడేవి. మిషన్ మీద జాకెట్లు కుడుతూ కుట్లు లెక్కపెట్టుకునేదాన్ని. లెక్కపెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ పిచ్చి. గుండీలు, బస్సు కిటికీలు, మెట్లు, ఏవైనా సరే. మా అత్త పండుగకు సకినాలు పోసి, ఆరిన తర్వాత ఎన్ని ఉన్నాయని నన్నే అడిగేది. అప్పుడు మాత్రం మల్లేశం తల ఎత్తి, "మా సుశీల లెక్క తప్పది" అనేవాడు. నా గురించి ఆయన పది మందిలో అన్న మంచి మాట అదొక్కటే, అందుకే గుర్తుంది.

ఆ మనిషే యాకూబ్ షెడ్డుకు పోతే ఇంకో మనిషి. యాకూబ్ లారీ మెకానిక్. పెద్ద రోడ్డు మీద, రెండు తాటి మొద్దుల మధ్య రేకు వేసుకుని పని చేసేవాడు. మా ఆయన కన్నా రెండేళ్లు చిన్న, ఎప్పుడూ నవ్వు ముఖం. మా ఆయనను మల్లన్న అని, నన్ను వదిన అని పిలిచేవాడు. సద్ది ఇవ్వడానికి నేను పోయినప్పుడు దూరం నుంచే మా ఆయన గొంతు వినపడేది. ఆ గొంతు నాకు ఇంట్లో తెలియదు. చేతులు తిప్పుతూ, ఏదో లోకోడ్రైవర్ నడకను అనుకరిస్తూ, నవ్వించి నవ్వుతూ ఉండేవాడు. నన్ను చూడగానే ఆగిపోయేవాడు. "పెట్టి పో" అనేవాడు. గిన్నె కింద పెట్టి తిరిగి వస్తుంటే, పది అడుగులు వేశాక మళ్లీ ఆ నవ్వు మొదలయ్యేది. పది అడుగులే. అదీ లెక్కపెట్టాను.

పెళ్లయిన మూడో ఏడు నాకు ఏడో నెలలో కాన్పు అయింది. దవాఖానలో. పాప బతికి పుట్టలేదు. నాకు తెలివి వచ్చేసరికి పాపను తీసుకుపోయారు, చూపించలేదు. చూస్తే పాలు ఆగవని, మనసు ఆగదని, పెద్దవాళ్లు వద్దన్నారట. తీసుకుపోయింది మల్లేశమే. చేతుల్లో పట్టుకుని పోయి మట్టి చేసి వచ్చాడు. వచ్చి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. ఎట్లా ఉన్నదని అడిగాను. నేల చూస్తూ, "పండుకో" అన్నాడు. ఇంటికి వచ్చాక ఇంకోసారి అడిగాను. లేచి బండి తుడవడానికి పోయాడు. మూడోసారి అడగలేదు. నా బిడ్డ ముఖం చూసిన మనిషి ఈ లోకంలో ఒక్కడే ఉన్నాడు, ఆయన నోరు తెరవడు. ఇట్లా నాలుగు నెలలు గడిచాయి.

అప్పుడే లారీ మీటరు చెడింది. మొదట ముల్లు వణికింది, రెండు రోజులకు సున్నా మీద పడుకుంది. యాకూబ్ కేబుల్ విప్పి చూసి అది బాగానే ఉందన్నాడు. గేర్‌బాక్సు పక్కన బోల్టు తీసి ఆ చిన్న చక్రాన్ని బయటికి లాగాడు. బొటనవేలు అంత ఉంటుంది, పళ్లు సగం తినేసినట్టు అరిగిపోయాయి. మామూలుగా అయితే మీటరు లేకుండానే తిప్పుకునేవారు. కాని ఆ నెలాఖరుకు ఫిట్‌నెస్ అయిపోతోంది. కొత్త కాగితం లేకుంటే బొగ్గు యార్డు గేటు లోపలికి బండిని రానివ్వరు, మా బండికి వేరే పని లేదు. కరీంనగర్‌లో సామాన్ల దుకాణాలన్నీ తిరిగారు. "గా గేర్‌బాక్స్ బందయి ఎన్నొద్దులాయె, ఇగ రాదు" అన్నారు. మంచిర్యాలలో ఒకాయన తన దగ్గర ఉందని పిలిచి వేరే బండిది చూపించాడట. ఇద్దరూ పొద్దున్నే టవల్ భుజాన వేసుకుని బస్సెక్కేవారు. సాయంత్రానికి చక్రం లేకుండా, కాని ముఖం నిండా ముచ్చట్లతో దిగేవారు. సందు మొదట్లో విడిపోయేటప్పుడు కూడా నిలబడి మాట్లాడుకునేవారు. నేను గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. మా ఆయన గుమ్మం దాటాక, దొరికిందా అంటే, "లే."

ఇప్పుడు శ్రీనివాస్ ఆ చక్రం కోసం ఒక్క అడుగు వేయలేదు. ఫోటో తీసి పది గ్రూపుల్లో పెట్టాడు, ఎక్కడో ఉత్తరాది నుంచి పార్సిల్ వచ్చింది, సరిపోలేదు, మళ్లీ ఫోటో పెట్టాడు. కొత్త బండ్లకైతే ఆ చక్రమే లేదట, సెన్సారు తీగె చెబుతుందట. మంచిదే. కాని అప్పుడు బొటనవేలంత ముక్క కోసం ఇద్దరు మగవాళ్లు పన్నెండు రోజులు ఒకే సీట్లో కూర్చుని తిరిగారు. ఆ పన్నెండు రోజులూ నేను ఒక్కదాన్నే మిషన్ తొక్కాను. ఆ బస్సు సీటు మీద కూడా నాకు అసూయే.

వరంగల్‌లో ఒకటి దొరికింది. దాని కోసం ఒక రోజంతా పాత ఇనుము గుట్టల్లో వెతికారట. మర్నాడు పొద్దున్నే బిగించి, నన్నూ మా అత్తనూ కూడా క్యాబిన్‌లో ఎక్కించుకుని రోడ్డు మీదికి తీశారు. ముల్లు లేచింది! మా అత్త చేతులెత్తి దండం పెట్టింది. యాకూబ్ మాత్రం నవ్వలేదు. గడియారం చూస్తూ, కిలోమీటరు రాయి రాగానే "ఆ" అన్నాడు, తరువాతి రాయి దగ్గర మళ్లీ "ఆ" అన్నాడు. సరిగ్గా నిమిషం. అంటే అరవై. ముల్లు మాత్రం అరవై దాటి నిలబడింది. యాకూబ్ బండి ఆపించి, దిగి, ఆ చక్రాన్ని విప్పి పళ్లు లెక్కపెట్టాడు. నేనూ పక్కన నిలబడి లెక్కపెట్టాను. పదిహేడు. "ఒక్క పన్నే గద భాయ్, కాగితం అచ్చేదాక నడిపిద్దాం" అన్నాడు మా ఆయన. "వొద్దు మల్లన్న. తప్పు చూపెట్టే మీటర్ నా చేతితోని పెట్ట. రేపు నువ్వు నలభై అనుకుంటవు, అది నలభై ఉండది" అన్నాడు యాకూబ్. మా ఆయన తల ఊపాడు. నేను ఏదైనా వద్దంటే ఎందుకని అడిగే మనిషి, యాకూబ్ వద్దంటే ఒక్క మాట అడగలేదు. అట్లా పళ్లు లెక్కపెట్టడం, ఎక్కువ తక్కువలకు ముల్లు ఎట్లా మారుతుందో ఆ రోజు రోడ్డు మీద నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు, వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే విన్నాను.

రెండు రోజుల తర్వాత సద్ది తీసుకుని షెడ్డుకు పోయాను. బండి అడ్డంగా నిలిపి ఉంది, వాళ్లిద్దరూ అవతల పక్కన కింద కూర్చున్నట్టున్నారు, కాళ్లు మాత్రం కనిపిస్తున్నాయి. పిలవబోయి ఆగాను. ఏడుపు వినపడింది. మగమనిషి ఏడుపు, గుడ్డతో నోరు నొక్కుకుని ఏడుస్తున్నట్టు. "నా చేతులల్ల పట్టుకున్న యాకూబ్... గింతే ఉన్నది..." తర్వాత మాటలు రోడ్డు మీద పోతున్న డంపర్ చప్పుడులో కలిసిపోయాయి. డంపర్ వెళ్లాక యాకూబ్ గొంతు వినపడింది. "ఏడువు అన్న. మంచిగ ఏడువు." అంతే.

నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. ఆ క్షణం నాకు బాధ కలగాలి. మొగుడు కూడా నాలాగే ఏడుస్తున్నాడని జాలి పడాలి. నాకు కలిగింది అది కాదు. ఆ ఏడుపు నాది, దాన్ని తీసుకుపోయి ఇంకొకరి ఒళ్లో పోశాడనిపించింది. నా బిడ్డ ఎంత ఉన్నదో, ఎట్లా ఉన్నదో యాకూబ్‌కు తెలుసు, నాకు తెలియదు. షెడ్డులో బల్ల మీద ఒక రేకు డబ్బా ఉంది, యాకూబ్ చిల్లర సామాన్లు వేసుకునేది. చేతులు ఊరుకోక అందులో చెయ్యి పెట్టాను. బోల్టుల కింద అట్లాంటిదే చక్రం ఒకటి తగిలింది. బయటికి తీసి లెక్కపెట్టాను. పదహారు. మళ్లీ లెక్కపెట్టాను. పదహారే. ఏ బండిదో, దేనికీ పనికిరాదని పడేసి ఉంటాడు. దాన్ని ఎక్కడిదక్కడ పెట్టి, సద్ది గిన్నె బండి మెట్టు మీద ఉంచి, పిలవకుండా వచ్చేశాను.

సాయంత్రం ఆయన కాళ్లు కడుక్కుంటుంటే, వెనక నిలబడి చెప్పాను. "మీ యాకూబ్ డబ్బాల గా చక్రం ఉన్నది. పద్దెనిమిది పళ్లది. నేను లెక్కపెట్టిన."

ఆయన నీళ్ల చెంబు పట్టుకుని నా వంక చూశాడు. "పద్దెనిమిదా?"

"పద్దెనిమిది. తనకాడ పెట్టుకుని మిమ్ముల ఊర్ల పొంటి తిప్పుతున్నడు."

ఆయన చెంబు పడేసి, తడి కాళ్లతోనే బయటికి పోయాడు. అక్కడ జరిగింది నేను చూడలేదు. షెడ్డు పక్కన చాయ్ తాగుతూ ఒక డ్రైవర్ అంతా చూశాడట. అతని భార్య మా పక్కింట్లో ఉండేది, ఆమె చెప్పింది. మల్లేశం పోయి, మాట లేకుండా డబ్బా ఎత్తి నేల మీద కుమ్మరించాడట. చక్రం దొర్లింది. పది మందిలో, "పన్నెండొద్దులు కుక్కను తిప్పినట్టు తిప్పినవ్, నీ అసొంటోన్నా నేను నమ్మింది" అన్నాడట. యాకూబ్ తెల్లబోయి, ఆ చక్రాన్ని తీసి మా ఆయన చేతిలో పెట్టి, "లెక్కపెట్టు మల్లన్న" అన్నాడట. మా ఆయన లెక్కపెట్టాడు. అక్కడే కూలబడ్డాడు. కాని అన్న మాట అన్నదే. చుట్టూ చాయ్ గ్లాసులు పట్టుకుని అందరూ విన్నారు.

ఇంటికి వచ్చి అడిగాడు. "మంచిగ లెక్కపెట్టినవా?"

"పద్దెనిమిదే అనిపించింది" అన్నాను.

చాలాసేపు నా ముఖం చూశాడు. కోపం లేదు ఆ చూపులో, ఉంటే బాగుండేది. మర్నాటి నుంచి షెడ్డు వైపు పోలేదు. ముఖం చెల్లలేదు ఆయనకు. నాలుగు రోజుల తర్వాత యాకూబ్ భార్య జరీనా బుర్ఖాలో మా గుమ్మం ముందుకు వచ్చి, పాత పేపరులో చుట్టిన చిన్న పొట్లం నా చేతిలో పెట్టింది. "నాందేడ్ పోయి తెచ్చిండు. మల్లన్నకియ్యుమన్నడు" అని, లోపలికి రమ్మంటే రాకుండా తిరిగి పోయింది. విప్పి లెక్కపెట్టాను. పద్దెనిమిది. దాన్ని ఇంకో మెకానిక్ బిగించాడు, ఫిట్‌నెస్ వచ్చింది, బండి యార్డులోకి పోయింది. ఆరు నెలలు గడవకముందే యాకూబ్ షెడ్డు ఎత్తేసి, భార్యను తీసుకుని నస్పూర్ పోయాడని తెలిసింది. గోదావరి వంతెన దాటితే అటు ఒడ్డునే. ఐనా మా ఇంట్లో ఆ పేరు ఇక ఎవరూ ఎత్తలేదు.

యాకూబ్ లేకపోతే ఆయన మాటలు ఇంటికి వస్తాయని నేను అనుకున్నాను. అంత చిన్నతనం. రాలేదు. సాయంత్రాలు తొందరగా వచ్చి అరుగు మీద కూర్చునేవాడు, నేను పక్కన కూర్చునేదాన్ని, ఇద్దరం రోడ్డు చూసేవాళ్లం. తర్వాత మా రమ పుట్టింది. నాకు అంగన్‌వాడీలో పని దొరికింది. మా అత్త పోయింది. పాత బండి అమ్మేశాం. నెలకోసారి, రెండు నెలలకోసారి, "మంచిర్యాలల పనున్నది" అని పొద్దున్నే పోయి సాయంత్రం వచ్చేవాడు. ఏం పని అని అడగడం నేను ఎప్పుడో మానేశాను. అడిగితే "గదే" అంటాడని తెలుసు. చివరికి గుండెనొప్పితో ఒక్క పూటలో పోయాడు. పోయేటప్పుడు కూడా ఏమీ చెప్పలేదు.

శ్రీనివాస్ వచ్చి వెళ్లిన వారానికి ఫోన్ చేశాడు. యాకూబ్ దొరికాడట. కూతురు దగ్గర, బొగ్గుబాయి క్వార్టర్‌లో ఉంటున్నాడట. చక్రం ఆయన డబ్బాలోనే ఉందట, పద్దెనిమిది పళ్లది, చేతికిచ్చి, తనే వచ్చి దగ్గరుండి బిగించాడట. "మిమ్ములను అడిగిండమ్మా. మోకాళ్లెట్లున్నయి అన్నడు" అని చెప్పాడు. నా మోకాళ్ల సంగతి యాకూబ్‌కు ఎట్లా తెలుసు? ఆ మాట రెండు రోజులు నన్ను నిలవనీయలేదు. మూడో రోజు నస్పూర్ బస్సెక్కాను.

యాకూబ్ బక్కచిక్కి ఉన్నాడు, గడ్డం తెల్లబడింది, నవ్వు మాత్రం అదే. "రా వదినా, రా" అని లేవబోయి, లేవలేక మంచం పట్టె పట్టుకున్నాడు. జరీనా నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "మోకాళ్లకు గా కరీంనగర్ డాక్టర్ మందులు పనిజేస్తలేవా? రమ బిడ్డ ఇంటర్ల చేరిందా?" అని వరసగా అడుగుతోంది. మా ఇంటి సంగతులన్నీ మా ఇంట్లో మనిషిలా.

"ఇవన్ని మీకెట్ల ఎరుక?" అన్నాను.

జరీనా మొగుడి వంక చూసింది. యాకూబ్ తల దించుకుని, "మల్లన్న చెప్తుండె గద వదినా" అన్నాడు. "వచ్చినప్పుడల్ల గిదే మంచం మీద కూసుంటుండె."

మంచిర్యాలలో పని అదీ. ఇన్నేళ్లూ. నెలకోసారి, రెండు నెలలకోసారి గోదావరి దాటి వచ్చి, ఈ మంచం మీద కూర్చుని, నా మోకాళ్ల గురించి, రమ చదువు గురించి, అంగన్‌వాడీలో నేను పిల్లలకు లెక్కలు నేర్పే తీరు గురించి చేతులు తిప్పుతూ చెప్పి, నవ్వించి, సాయంత్రం బస్సుకు నోరు మూసుకుని నా దగ్గరికి వచ్చేవాడు. మల్లేశం మట్టికి కూడా యాకూబ్ వచ్చాడట, డ్రైవర్ల మధ్యలో వెనక నిలబడి పోయాడట. నేను చూస్తే బాధపడతానని ఇంటికి రాలేదట. వాళ్లను విడదీశానని ఇంతకాలం నేను మోసిన పాపం నిజానికి జరగనే లేదు. తేలిక పడాలి నేను. ఒక పక్క తేలిక పడ్డాను కూడా. ఇంకో పక్క కడుపులో మంట భగ్గుమంది. నేను గెలవలేదని, ఓడిపోయానని కూడా నాకు ఎవరూ చెప్పలేదు.

"యాకూబ్ భాయ్" అన్నాను. "గా డబ్బాలది పదహారు పళ్లదే. నేను రెండుసార్లు లెక్కపెట్టిన. తెలిసే పద్దెనిమిదని చెప్పిన."

"ఎరుకే వదినా."

"ఎట్లెరుక?"

"నేనీడికొచ్చిన కొత్తల మల్లన్న వచ్చిండు. గీ గడపల నిలవడి చెప్పిండు. 'మా సుశీల లెక్క తప్పది యాకూబ్. కావాల్నని చెప్పింది. తప్పు నాది, ఇంట్ల నాకు నోరు రాదు. నువ్వు ఆమెను ఏమనుకోకు' అన్నడు. నేనేమనుకుంట? లోపలికి రమ్మన్న." ఆయన జరీనాకు చాయ్ పెట్టుమని సైగ చేశాడు. "నీకు చెప్పుమన్న వదినా, ఎన్నోసార్లన్న. ఇంటికి పోయేదాక అనుకుంటనే పోత, గడపల అడుగు పెట్టంగనే పోతది అంటుండె."

జరీనా చాయ్ తెచ్చి పెట్టింది. నేను తాగలేదు. ఇంతదూరం వచ్చాను కాబట్టి, ఇక దాచుకోవడానికి ఏమీ మిగలలేదు కాబట్టి అడిగేశాను. "గా దినం బండి అవతల ఏడ్చిండు గద. నేను విన్న. మా బిడ్డ ఎట్లుండెనట?"

యాకూబ్ రెండు అరచేతులు దగ్గరగా తెచ్చి, మధ్యలో ఏదో ఉన్నట్టు పట్టుకున్నాడు. ఇంతే అన్నట్టు చూపించాడు. "జుట్టు మస్తుగుండెనట వదినా. నల్లగ, చెవుల మీదికి. నీ తీరుగనే ఉన్నదన్నడు. మట్టి జేసేటప్పుడు జుట్టు మీద మట్టి పడకుండ తన టవల్ కప్పిండట."

ఆ టవల్ లేకుండా ఆయన దవాఖానకు తిరిగి వచ్చాడు. ఎక్కడ పారేసుకున్నావని మా అత్త కోప్పడడం నాకు గుర్తుంది.

ఏడవకుండానే బస్సెక్కాను. వంతెన మీద గోదావరి ఎండిపోయి, అక్కడక్కడ నీళ్ల మడుగులు మెరుస్తున్నాయి. నాకు ఆయన మీద కోపం వచ్చింది, పోయినవాడి మీద ఎంత వస్తుందో అంత. ఆ జుట్టు సంగతి ఒక్కటి చెబితే ఏం పోయేది? ఎన్ని సాయంత్రాలు ఒకే అరుగు మీద కూర్చున్నాం! తర్వాత అనిపించింది, నేను మాత్రం ఎవరికి చెప్పాను? రమకు నలభై దగ్గరపడుతున్నాయి. తనకంటే ముందు ఒకతె పుట్టిందని రమకు తెలియదు. వాగుడుకాయనని పేరున్నదాన్ని, ఆ ఒక్క సంగతి దగ్గర నేనూ మల్లేశమే అయ్యాను.

మర్నాడు పొద్దున, చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని, కరీంనగర్‌కు ఫోన్ చేశాను. రమ డ్యూటీకి పోయే తొందరలో ఉంది. "ఏంది అమ్మ, జల్ది చెప్పు" అంది. చెప్పాను. మొదటి నుంచి కాదు, చివరి నుంచి. "నీకో అక్క ఉండె బిడ్డా. జుట్టు మస్తుగుండెనట" అన్నాను. ఫోన్లో అటు వైపు చప్పుళ్లన్నీ ఆగిపోయాయి. కుర్చీ లాక్కుని కూర్చున్నట్టు వినపడింది. నేను చెప్పుకుంటూ పోయాను. తనకు డ్యూటీకి ఆలస్యమైంది, నేను ఆపలేదు, తనూ ఆపమనలేదు. అంతా అయ్యాక ముక్కు తుడుచుకుని అడిగింది. "బాపు పేరేమన్న పెట్టిండా అమ్మ?"

నాకు తెలియదు. ఆ మాట అడగాలని నాకు తోచనే లేదు. శుక్రవారం నస్పూర్ పోయి యాకూబ్‌ను అడగాలి. నాకు తెలియనివన్నీ తెలిసినవాడు ఆయనే కదా.